రేడియోలో గరగర, మేఘంలో పిడుగు దారి

పోయినసారి రైల్వే తంతి గురించి రాసినప్పుడు మన సంఘం పిల్లలు కొందరు ఒక ప్రశ్న అడిగారు. తంతి తీగలకు పిడుగు భయం ఉండేది కాదా అని. ఉండేది. తీగ స్టేషను గదిలోకి దిగే చోట పిడుగు నిరోధకం ఒకటి బిగించి ఉండేది. తీగ వెంట వచ్చే ఎక్కువ విద్యుత్తును అది యంత్రంలోకి పోనివ్వకుండా నేలలోకి దింపేది. దాని గురించి రాద్దామని కూర్చుంటే విషయం తంతి దాటి చాలా దూరం పోయింది. అందుకే ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

పాత రేడియో సెట్టు ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఒకటి బాగా గుర్తుండాలి. చిత్తిరై నెల సాయంత్రం పడమటి కొండల మీద మబ్బు కమ్మితే చాలు, తిరునెల్వేలి వానొలి వింటూ ఉండగా మధ్యలో గర్ర్ గర్ర్ మని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వచ్చిన సమయానికే ఆకాశంలో మెరుపు. ఉరుము మాత్రం ఎంతోసేపటికి వచ్చేది. పాట చెడగొడుతోందని విసుక్కుని సెట్టు ఆపేసేవాళ్ళం. పిడుగు తన దారి తానే చెప్పుకునే మాట ఆ గరగరలో ఉందని ఆ రోజుల్లో మనలో ఎవరూ అనుకోలేదు. ఆ మాటను మనుషులు ఎలా వినడం నేర్చుకున్నారో, అది మనకు ఎందుకు కావాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు మాటల సంగతి. మేము బడిలో చదివింది తమిళంలో. అక్కడ మిన్నల్ అంటే మెరుపు. ఇడి అంటే ఉరుము, పిడుగు రెండూ. "ఇడి ఇడిక్కిదు" అన్నా "ఇడి విళుందదు" అన్నా అదే మాట. ఇంట్లో మన పెద్దలు మాట్లాడిన తెలుగులో మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. కంటికి కనిపించేది మెరుపు, చెవికి వినిపించేది ఉరుము, నేల మీద పడేది పిడుగు. మూడూ ఒకే సంఘటనకు మూడు ముఖాలే. కానీ ఆకాశంలో మెరిసినదల్లా నేల మీద పడదు. మెరుపుల్లో ఎక్కువ భాగం మేఘం లోపలే పుట్టి మేఘం లోపలే ఆరిపోతాయి. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో దీనితోనే పని.

ఇక చరిత్రకు వద్దాం. మెరుపు అంటే విద్యుత్తే అని ప్రయోగంతో రుజువైంది 1752లో. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పిన ఉపాయం ప్రకారం ఫ్రాన్సులో మార్లీ అనే ఊరిలో దాలిబార్ అనే ఆయన ఎత్తయిన ఇనుప కడ్డీ నిలబెట్టించాడు. మే 10న మబ్బు వచ్చినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. కాపలాకు పెట్టిన పాత సిపాయి ఆ కడ్డీ నుంచి నిప్పురవ్వలు రాబట్టాడు. మరుసటి ఏడు 1753లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి ప్రయోగమే చేస్తూ పిడుగు దెబ్బకు ప్రాణం పోగొట్టుకున్నాడు.

మన దేశంలోనూ ఈ పని చాలా ముందే మొదలైంది. వాతావరణ శాఖలో పనిచేసిన జార్జ్ సింప్సన్ సిమ్లాలో వాన నీటిలో ఉండే విద్యుత్తును కొలిచి 1909లో ప్రకటించాడు. మేఘం కింది భాగంలో ధన విద్యుత్తు ఉంటుందని ఆయన వాదన. కాదు, రుణ విద్యుత్తు అని ఇంగ్లాండులో సి.టి.ఆర్. విల్సన్ వాదన. ఈ తగువు చాలా ఏళ్ళు నడిచింది. చివరికి 1930లలో సింప్సనే బెలూన్లలో పరికరాలు కట్టి మేఘాల్లోకి పంపి చూశాడు. పైన ధనం, కింద రుణం, ఆ కిందికి కిందగా అక్కడక్కడ చిన్న ధన మూట. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని తేలింది. ఆ కాలంలోనే బొంబాయి కొలాబా ఆబ్జర్వేటరీలో ఎస్.కె. బెనర్జీ తలమీదుగా పోయే ఉరుము మేఘాల విద్యుత్ క్షేత్రాన్ని కొలిచారు. తర్వాత 1944లో వాతావరణ శాఖకు అధిపతి అయిన మొదటి భారతీయుడు ఆయనే.

మేఘంలో విద్యుత్తు ఎలా పంచుకుని ఉంటుందో తెలిసింది. మరి అది నేలకు ఎలా దిగుతుంది? అంత దూరం గాలిలో దారి ఎవరు వేస్తారు? కంటికి మెరుపు ఒక్క గీతలా, ఒక్కసారిగా కనిపిస్తుంది. ఆ ఒక్కసారిని ముక్కలు చేసి చూడడానికి ఇంగ్లాండులో సి.వి. బాయ్స్ అనే ఆయన 1900లో ఒక కెమెరా తయారు చేశాడు. అందులో లెన్సులు గిర్రున తిరుగుతాయి. ముందు వెలిగినది ఒక చోట, కొంచెం తర్వాత వెలిగినది మరో చోట ఫిల్ము మీద పడుతుంది. ఆ కెమెరాతో 1930లలో దక్షిణాఫ్రికాలో బేసిల్ షాన్‌లాండ్, ఆయన తోటివాళ్ళు ఫొటోలు తీశారు. జొహానెస్‌బర్గ్ వైపు ఉరుముల వానలకు పేరుపడ్డ చోటు.

ఆ ఫొటోల్లో దొరికిందే లీడర్. ముందు నడిచే దారి అనుకోండి. పెద్ద మెరుపు రావడానికి ముందు, మేఘం నుంచి మసక వెలుగు ఒకటి కిందికి బయలుదేరుతుంది. నేరుగా రాదు. సుమారు 50 మీటర్లు దూకుతుంది, ఆగుతుంది, మళ్ళీ దూకుతుంది. ఆ ఆగడం 50 మైక్రోసెకన్ల లెక్క. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలో వంతు. ప్రతి ఆగుడు దగ్గరా కొమ్మలు వేస్తుంది. ఇలా సెకనుకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో, నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు నుంచి సెకనులో యాభయ్యో వంతు కాలంలో నేల దాపుకు వస్తుంది. అప్పుడు చెట్టు నుంచో, గుడి గోపురం నుంచో, మనిషి తల నుంచో ఎదురు దారి ఒకటి లేచి దాన్ని కలుస్తుంది. రెండూ కలిసిన క్షణంలో ఆ దారి వెంట వేల ఆంపియర్ల కరెంటు పారుతుంది. మనం మెరుపు అని చూసేది ఈ చివరి ఘట్టాన్ని. రైలుబండి వచ్చినప్పుడే జనం చూస్తారు గానీ, ముందు పట్టాలు వేసినవాడిని ఎవరు చూస్తారు? లీడర్ ఆ పట్టాలు వేసేవాడు.

కెమెరాకు ఒక అడ్డం ఉంది. మేఘం కింద నుంచి నేల వరకు ఉన్న దారే దానికి కనిపిస్తుంది. మేఘం లోపల ఏం జరిగిందో వెలుగు చెప్పదు. మేఘం తెర వేసినట్టు దాన్ని మూసేస్తుంది. ఆ తెరకు అడ్డుపడనిది ఒక్కటే, రేడియో తరంగం.

లీడర్ దూకిన ప్రతిసారీ గాలి చీలి, విద్యుత్తు ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది. విద్యుత్తు అలా హఠాత్తుగా కదిలితే రేడియో తరంగాలు పుడతాయి. మన రేడియోలో గరగర అదే. మనుషులు రేడియోలో మాట్లాడుకోవడం నేర్చుకోకముందే ఈ గరగరను పట్టారు. 1895 మే 7న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలెగ్జాండర్ పొపోవ్ చూపించిన రేడియో గ్రాహకం ఆ ఎండాకాలంలోనే ఉరుములు వస్తున్నాయని కనిపెట్టి గీతలు గీసే యంత్రంగా పనిచేసింది. ఇంగ్లాండులో రాబర్ట్ వాట్సన్‌వాట్ మొదట వాతావరణ కార్యాలయంలో చేరింది కూడా ఈ పనికే. విమానాలు నడిపేవాళ్ళకు ఉరుము మేఘాలు ఏ దిక్కున ఉన్నాయో చెప్పడానికి ఆయన 1920లలో మెరుపు రేడియో చప్పుడు వచ్చే దిక్కును తెర మీద చూపే పరికరం చేశాడు. ఆ అనుభవంతోనే 1935లో రాడార్ మొదలుపెట్టాడు. యుద్ధంలో పేరు తెచ్చుకున్న రాడార్‌కు పిడుగుల పరిశోధన తోబుట్టువు.

దిక్కు తెలిస్తే చాలదు, చోటు తెలియాలి. అది కూడా నేల మీద చోటు మాత్రమే కాదు, మేఘంలో ఎంత ఎత్తున అన్నది తెలియాలి. దీనికి వాడిన ఉపాయం రైల్వే వాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. రోజూ సాయంత్రం 4 గంటలకు అన్ని స్టేషన్లకూ టైము సిగ్నల్ ఇచ్చేవాళ్ళు. దాన్ని బట్టి గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. గడియారాలన్నీ ఒకే టైము చూపిస్తేనే ఏ బండి ఎక్కడ ఉందో చెప్పగలం. మెరుపు సంగతీ అంతే. నాలుగైదు చోట్ల రేడియో గ్రాహకాలు పెట్టి, వాటి గడియారాలు కలిపి ఉంచితే, ఒకే గరగర ఒక్కొక్క చోటికి ఎంత ఆలస్యంగా చేరిందో తెలుస్తుంది. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. ఆలస్యాల తేడాల నుంచి అది ఎక్కడ పుట్టిందో లెక్క కట్టవచ్చు.

దక్షిణాఫ్రికాలోనే డేవిడ్ ప్రాక్టర్ 1971లో ఐదు స్టేషన్లతో ఇలాంటి ఏర్పాటు గురించి ప్రకటించాడు. మెరుపుకు రేడియోతో తీసిన ఫొటో అది. ఒక్కొక్క మెరుపు లెక్క చేతితో తీయడానికి చాలా కాలం పట్టేది. తర్వాత జీపీఎస్ ఉపగ్రహాలు వచ్చి గడియారాల సమస్య తీర్చేశాయి. 1990ల చివర అమెరికాలో న్యూమెక్సికో శాస్త్రవేత్తలు టీవీ చానల్ వాడే తరంగదైర్ఘ్యాల దగ్గర వినే గ్రాహకాలను పొలాల్లో వరసగా పెట్టి, మేఘం లోపల లీడర్ కొమ్మకొమ్మగా ఎలా పాకుతుందో కంప్యూటర్ తెర మీద చూపించారు. 2019లో నెదర్లాండ్స్‌లోని లోఫార్ అనే రేడియో టెలిస్కోపు ఇంకా లోతుకు పోయింది. అది నక్షత్రాలను వినడానికి కట్టింది. దానితో మెరుపును మీటర్ల లెక్కలో చూసినప్పుడు, ధన లీడర్ పక్కల నుంచి సూదుల్లాంటి చిన్న కొమ్మలు పదేపదే వెలగడం కనిపించింది. మేఘంలో ఉన్న విద్యుత్తు ఒక్కసారిగా ఖాళీ కాక కొంత వెనక్కి మళ్ళుతోంది. ఒకే మెరుపు ఎందుకు రెండు మూడు సార్లు తటతటమని అదే చోట కొడుతుందో దీనితో కొంత అర్థమైంది.

ఇంతవరకు నేల మీద నుంచి విన్న కథ. పైనుంచి విన్న కథ ఇంకా విచిత్రం. భూమి చుట్టూ పైన అయనోస్ఫియర్ అనే విద్యుత్ పొర ఉంది. మన పాత రేడియో తరంగాలు దానికి తగిలి కిందికే వస్తాయి. అందుకే రాత్రిపూట సిలోన్ వినిపించేది. కానీ ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న తరంగాలు ఆ పొరను దాటి పైకి పోతాయి. కాబట్టి ఉపగ్రహంలో సరైన గ్రాహకం పెడితే మెరుపు గరగర అక్కడా వినిపిస్తుంది.

1993లో అమెరికా పంపిన అలెక్సిస్ ఉపగ్రహంలో బ్లాక్‌బియర్డ్ అనే గ్రాహకం ఉంది. దానికి ఎవరూ అనుకోని చప్పుడు వినిపించింది. ఒక టిక్, వెంటనే ఇంకో టిక్. జంటగానే వచ్చేవి. మధ్య ఎడం సుమారు 50 మైక్రోసెకన్లు ఉండేది. మొదట అవేమిటో తెలియలేదు. 1997 ఆగస్టు 29న ఎగిరిన ఫోర్టే ఉపగ్రహం దానికి జవాబు దగ్గరకు తెచ్చింది. మొదటి టిక్ మేఘం నుంచి నేరుగా పైకి వచ్చింది. రెండోది అదే చప్పుడు కిందికి పోయి నేలకు తగిలి పైకి వచ్చిన ప్రతిధ్వని. లెక్క మనమే వేయవచ్చు. 50 మైక్రోసెకన్లలో రేడియో తరంగం 15 కిలోమీటర్లు పోతుంది. ఉపగ్రహం నడినెత్తిన ఉందనుకుంటే, దిగడం ఏడున్నర, ఎక్కడం ఏడున్నర. అంటే ఆ చప్పుడు పుట్టింది నేలకు ఏడున్నర కిలోమీటర్ల ఎత్తున, మేఘం నడుమన.

ఈ ఫోర్టేను పంపింది అసలు పిడుగుల కోసం కాదు. ఎక్కడైనా అణుబాంబు పేలిస్తే దాని రేడియో చప్పుడు ఆకాశం నుంచి పట్టుకోవాలి. దానికి ముందు, పిడుగు చప్పుడు ఏది, బాంబు చప్పుడు ఏది అని విడదీయడం రావాలి. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని మన సామెత ఉంది కదా, అక్కడ అది కుదరదు. పొరపాటు పడితే యుద్ధమే. అందుకే ఉపగ్రహం విన్న ఒక్కొక్క చప్పుడునూ నేల మీది మెరుపు నెట్‌వర్క్ రాసుకున్న టైముతో జత చేసి చూశారు. నేల నెట్‌వర్క్ చోటు చెబుతుంది, ఉపగ్రహం చప్పుడు రూపం చెబుతుంది. అలా చూస్తే నేల మీద పడిన పిడుగుకు ముందుగా లీడర్ గరగర మెల్లగా పెరుగుతూ వస్తుంది, తర్వాత పెద్ద దెబ్బ. మేఘం లోపలి మెరుపుకు రూపం వేరు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క వేలిముద్ర ఉందని తేలింది. ఆ జంట టిక్కుల్లాంటి గట్టి చప్పుళ్ళు కొన్ని అసలు మెరుపు పుట్టే క్షణానివే అని 2016లో నేల మీది కొలతలు చూపించాయి. అంటే లీడర్ నడక మొదలుకాకముందే, దాని పుట్టుక దగ్గరే చెవి పెట్టగలిగారన్నమాట.

మన దగ్గర ఏముంది అని అడుగుతారు. చాలా దగ్గరలోనే ఉంది. తిరునెల్వేలి పక్కన కృష్ణాపురంలో భారత భూఅయస్కాంత సంస్థ పరిశోధనాలయం ఉంది. ఉరుములు లేని నిర్మలమైన రోజున కూడా గాలిలో విద్యుత్తు ఉంటుంది. ఆఫ్రికాలో, అమెరికాలో కురిసే ఉరుముల వానలు భూమి మొత్తానికి దాన్ని సరఫరా చేస్తాయి. ఆ కరెంటును అక్కడ కొలిచారు. ఊటీలో టాటా సంస్థ వాళ్ళ గ్రేప్స్‌ త్రీ అనే ప్రయోగశాల ఇంకో రకంగా మేఘంలోకి చూసింది. ఆకాశం నుంచి పడే మ్యూయాన్లు అనే కణాలు విద్యుత్తు నిండిన మేఘం గుండా వచ్చేటప్పుడు వాటి లెక్క మారుతుంది. 2014 డిసెంబరు 1న వచ్చిన ఒక మేఘంలో ఇలా లెక్క కడితే 130 కోట్ల ఓల్టులు వచ్చింది. ఇంత ఉండవచ్చని పైన చెప్పిన విల్సన్ తొంభై ఏళ్ళ ముందే అన్నాడు.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ దేశమంతటా మెరుపు సెన్సర్లు పెట్టింది. ఆ సమాచారంతో దామిని అనే ఉచిత యాప్ నడుస్తోంది. మీరున్న చోటు చుట్టుపక్కల మెరుపులు పడుతుంటే అది చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ కూడా సెన్సర్ల సాయంతో హెచ్చరికలు ఇస్తోంది. 2018 ఏప్రిల్ 24న ఆ ఒక్క రాష్ట్రంలోనే 13 గంటల్లో 36,749 పిడుగులు లెక్కకు వచ్చాయి. ఆ రోజు పోయిన ప్రాణాల్లో తొమ్మిదేళ్ళ ఆడపిల్ల కూడా ఉంది.

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న సంగతికి వద్దాం. ఒక మేఘం పెరిగేటప్పుడు మెరుపులు మామూలుగా ముందు మేఘం లోపల మొదలవుతాయి. నేల మీద పిడుగు పడడం కొన్ని నిమిషాల తర్వాత. లోపలి గరగర ఒక్కసారిగా ఎక్కువైందంటే మేఘం ఉగ్రంగా తయారవుతోందని అర్థం. పైనున్న ఈ కథంతా, అంటే బాయ్స్ కెమెరా నుంచి ఫోర్టే వరకు, మనకు చేతికిచ్చింది ఈ కొన్ని నిమిషాలే. ఒక మనిషి చెట్టు కింద నుంచి లేచి పక్కా ఇంట్లోకి నడవడానికి ఆ నిమిషాలు చాలు.

అయినా దేశంలో పిడుగుపాటుకు 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది పోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. చాలామంది పొలాల్లో పనిచేసేవాళ్ళు. చెవులు అంతరిక్షం దాకా పోయాయి, వార్త మాత్రం మడి గట్టు దాకా రాలేదు. ఉపాధి పనికి చెరువులోకి దిగిన ఆడవాళ్ళ చేతిలో ఫోను ఉండదు. ఉన్నా అది చెట్టు కింద బుట్టలో ఉంటుంది. గొర్రెలు మేపేవాళ్ళు, మామిడి తోటల్లో కాపలా ఉండేవాళ్ళు, కొబ్బరి దింపేవాళ్ళు, అందరిదీ ఇదే సంగతి. ఉరిమితే అర్జునుడి పేర్లు తలచుకోమని అమ్మమ్మలు చెప్పారు. తలచుకోండి, ధైర్యం వస్తుంది. కానీ ఇంట్లోకి వచ్చాక తలచుకోండి.

అందుకని సంఘానికి మా మనవి ఇది. మన సంఘం కుటుంబాల్లో పొలం పని చేయించేవాళ్ళు చాలామంది ఉన్నారు. చిత్తిరై, వైకాసిలో, మళ్ళీ ఐప్పసి, కార్తీకంలో, పని జరిగే ప్రతి చోటా ఒకరి ఫోనులో దామిని పెట్టించండి. ఆ ఒకరు దాన్ని జేబులోనే ఉంచుకోవాలి. హెచ్చరిక వచ్చినా, ఉరుము వినిపించినా పని ఆపించండి. ఆ పూట కూలి కోయవద్దు. కూలి పోతుందనే భయంతోనే చాలామంది ఇంకాసేపు అని నిలబడతారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. పది కిలోమీటర్ల లోపు అయితే ఇక ఆలోచించే పని లేదు. చింతచెట్టు, తాటిచెట్టు కింద నిలబడకూడదు. పక్కా ఇల్లు, లేకపోతే పైకప్పు మూసిన కారో బస్సో మేలు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందనేది అబద్ధం. వెంటనే ముట్టుకుని, ఊపిరి ఆగి ఉంటే గుండె మీద నొక్కుతూ 108కి ఫోను చేయించండి.

వచ్చే సంఘం కూటంలో దామిని ఎలా పెట్టుకోవాలో పదవ తరగతి చదివే పిల్లలతో పెద్దలకు చూపించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. ఇంట్లో పాత మీడియం వేవ్ సెట్టు ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా తీసుకురండి. మబ్బు పట్టిన రోజైతే పిల్లలకు ఆ గరగర వినిపిద్దాం.